కర్రసాము లోకపు పోటీలకు పోవలెనా?

చైనా దేశపు ఉషూ విద్య దేశదేశముల పోటీలలో చేరి పతకములు పంచుచుండగా, మన కర్రసాము మాత్రమేల ఊరి పొలిమేర దాటరాదని ఈ సంవత్సరము పై తరగతి బాలురు కొందరు నన్నడిగిరి. ప్రశ్న చిన్నదే గాని ప్రత్యుత్తరము చిన్నది కాదు.

నా బాల్యమున కరీంనగరము జిల్లాలోని మా గ్రామమున తాలీంఖానా యొకటి యుండెడిది. పీర్ల పండుగ దినములలో వృద్ధుడగు ఉస్తాదు వెదురుకర్ర చేబూని బరిలోనికి దిగినంతనే అన్ని మతములవారును చుట్టు జేరెడివారు. ఆయన ముందుగా నేలను తాకి కన్నుల కద్దుకొనెడివాడు. పిదప కర్ర కంటికి కానరాక దాని హోరు మాత్రమే వినబడెడిది. అంత వేగముగా తిరుగు కర్ర ఎదుటి శిష్యుని కణతకు అంగుళము దూరమున చటుక్కున నిలిచెడిది. “కొట్టుడు ఎవనికైనా వస్తది బిడ్డా, ఆపుడు నేర్చుకో” యని ఆయన చెప్పెడివాడు.

పోటీలు వలదనువారి వాదమంతయు ఆ అంగుళములోనే యున్నది. పందెమున తగిలిన దెబ్బను లెక్కింతురు. ఆపిన దెబ్బను లెక్కించువారెవరు? ఉషూ 1990వ సంవత్సరమున బీజింగు ఆసియా క్రీడలలో ప్రవేశించినది. నేటి పోటీలలో అది ఒంటరి విన్యాసములనియు, ఇద్దరు తలపడు సాండా యనియు రెండు పాయలుగా నడచుచున్నది. ఎగురుటకును గాలిలో తిరుగుటకును విలువ హెచ్చి, పూర్వపు గురువుల సంప్రదాయములు మరుగున పడినవని పెద్దల మొర.

మన చెడుగుడు కూడ ఆ 1990వ సంవత్సరపు క్రీడలలోనే కబడ్డీ పేరున చేరినది. ఊరికొక తీరున నుండిన కూతలు పోయి “కబడ్డీ” యను ఒక్క కూతయే నిలిచినది; మట్టి పోయి చాప వచ్చినది. ఇది నష్టమే. అయినను 2010లో గ్వాంగ్‌జౌ క్రీడలయందు స్త్రీలకును ఆ పోటీ ఏర్పడెను. నా చిన్ననాట గోడ ప్రక్క నిలిచి చూచుటయే బాలికల వంతు. నేడు వారు బరిలో నున్నారు. 2018లో జకార్తాలో ఇరాను దేశీయులు పురుషుల స్వర్ణమును స్త్రీల స్వర్ణమును గూడ గెలుచుకొనిరి. లోకమున కిచ్చిన విద్య లోకమునదే యగును. ఓడుటకును మనము సిద్ధపడవలెను.

ఇక మా ఉస్తాదు సంగతి వినుడు. ఆయన ఏ పోటీకిని పోలేదు. శిష్యులు కొందరు బొంబాయికి, కొందరు దుబాయికి బ్రతుకుదెరువునకై వెడలిపోయిరి. ఆయన గతించిన పిదప ఆ కర్ర వారి పెరటి బీరపందిరికి గుంజయైనది. పోటీ సోకక మిగిలిన విద్య పవిత్రముగానే యున్నది. కాని మా గ్రామమున అది లేదు.

కావున కర్రసాము పోటీక్రీడ కావలెననియే నా యభిప్రాయము. పంజాబువారి కర్రపోరగు గత్కా 2022 జూన్‌లో హర్యానాలో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడలలో చేర్చబడినది గనుక దారి మూసియుండలేదు. అయితే నియమములు వ్రాయువేళ పల్లెలలో మిగిలియున్న ఉస్తాదులను ముందుగా విచారింపవలెను. తగిలిన దెబ్బకంటె నిలిపిన దెబ్బకు హెచ్చు గుణము లీయవలెను. నేలకు మ్రొక్కని వానికి కర్ర ఈయరాదు.

1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో జపానువారి జూడో తొలిసారి ప్రవేశించెను. బరువుల భేదములేని పోటీలో హాలండు దేశీయుడగు ఆంటన్ గీసింక్ జపాను వీరుడగు అకియో కమినాగాను సొంతగడ్డపైననే ఓడించెను. తన దేశీయులు సంతోషము పట్టలేక చాపమీదికి పరుగెత్తి రాబోగా అతడు చేయెత్తి వారి నాపెను. స్వర్ణము జపాను చేజారినది. జూడో మర్యాద మాత్రము పరదేశి చేతిలో నిలిచినది. మా ఉస్తాదు చెప్పిన “ఆపుడు” ఇదియే.

విద్యార్థులారా! సెలవులకు మీ గ్రామములకు పోయినప్పుడు కర్ర త్రిప్పగల తాత లెవరైన నున్నారేమో మీ పెద్దల నడుగుడు. ఉన్నయెడల వారిముందు చేతులు కట్టుకొని కూర్చుండుడు. పతకముల మాట పిదప చూచుకొందము. ఆ కర్ర పందిరికి చేరకముందే దానిని పట్టు చేయి యొకటి కావలెను.