కంపెనీ మనకు చెప్పి ఆలోచిస్తుందా? మనమెందుకు చెప్పి వెతకాలి?

2025 జూలైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తీసేస్తామని ప్రకటించింది. ఆ లెక్క ఒక్క పూటలో తేల్చింది కాదు. ఎవర్ని ఉంచాలో ఎవర్ని పంపాలో లోపల మాట్లాడుకున్నాకే బయటపెట్టారు. వ్యాపారంలో ఇది మామూలే అన్నారు. అదే పిడుగురాళ్ల కుర్రోడో గురజాల అమ్మాయో ఒక ఉద్యోగం చేస్తా ఇంకోటి వెతుక్కుంటే మాత్రం నమ్మకద్రోహం అంటారు. ఇదెక్కడి న్యాయం?

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. 2022 సెప్టెంబరులో విప్రో 300 మందిని తీసేసింది. జీతం ఇక్కడ తీసుకుంటా పోటీ కంపెనీలకు కూడా పనిచేశారని ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ చెప్పారు. అది రెండు చోట్ల పనిచేయటం. వేరే ఉద్యోగం వెతుక్కోటం అది కాదు. దీన్నీ దాన్నీ ఒకే గాటన కట్టి భయపెట్టేవాళ్ల మాట నమ్మబాకండి.

తప్పు కానప్పుడు దాచటం ఎందుకంటారా? తెలిస్తే నష్టపోయేది మనమే గనక. ఇంక్రిమెంటు ఆగిపోయిద్ది, పనికిరాని షిఫ్టులో పడేస్తారు, కొత్తది దొరక్కముందే ఉన్నది పోయిద్ది. ఓనరు కాడ డబ్బుంది, మన కాడ ఉన్నది ఆ నాలుగు రోజుల గుట్టే.

ఆ గుట్టు ఆన్‌లైన్‌లో ఎట్టా బయటపడిద్దో చూడండి. లింక్డ్‌ఇన్‌లో ‘ఓపెన్ టు వర్క్’ పెట్టి అందరికీ కనపడేట్టు ఎంచుకుంటే ఫొటో చుట్టూ ఆకుపచ్చ రింగు వచ్చిద్ది. అది ఊరంతా దండోరా వేసినట్టే. రిక్రూటర్లకు మాత్రమే కనపడేట్టు పెట్టుకోవచ్చు. అప్పుడు మన కంపెనీ రిక్రూటర్లకు కనపడకుండా చూస్తామంటారు గానీ, పూర్తి గ్యారంటీ ఇవ్వలేమని వాళ్లే చెప్తున్నారు. మనోళ్లలో శానామంది కాంట్రాక్టు సంస్థ పేరోల్ మీద ఉంటారు, పని చేసేది ఇంకో పెద్ద కంపెనీలో. ప్రొఫైల్లో రాసిన సంస్థకు దాస్తే, పక్క సీట్లో కూర్చున్న ఆ పెద్ద కంపెనీ మేనేజరుకు దాచినట్టు కాదు గదా!

నౌకరీ సైటులో ఫలానా కంపెనీకి నా ప్రొఫైల్ చూపించొద్దని బ్లాక్ చేసుకునే సదుపాయం ఉంది. అందులో మీ కంపెనీ పేరుతో పాటు దాని అనుబంధ సంస్థల పేర్లు కూడా వేయండి. అయినా మీ కంపెనీకి మనుషుల్ని వెతికిపెట్టే కన్సల్టెన్సీ కంట పడే వీలుంది. ఇంకో గొయ్యి, పేరు చెప్పకుండా ఇచ్చే ప్రకటనలు. ‘ప్రముఖ సంస్థకు కావలెను’ అని ఉంటే ఆ ప్రముఖ సంస్థ మీదే కావచ్చు. రెజ్యూమే నేరుగా మీ హెచ్ఆర్ బల్ల మీదే వాలిద్ది. పేరు చెప్పేదాకా పంపబాకండి.

ఆఫీసు ల్యాప్‌టాప్, ఆఫీసు మెయిల్, ఆఫీసు వైఫై జోలికి అసలు పోవద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనల్ని కాపాడిద్ది అనుకుంటే పొరపాటే. ఉద్యోగ అవసరాల కోసం, కంపెనీకి నష్టం రాకుండా చూసుకోటం కోసం ఉద్యోగి డేటాను ప్రత్యేకంగా అనుమతి అడక్కుండానే వాడుకునే వీలు ఆ చట్టంలోని 7వ సెక్షనే ఇచ్చింది.

ఇదంతా హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నోళ్ల సంగతి. మన నరసరావుపేటలోనో మాచర్లలోనో బ్లాక్ బటన్ ఏదీ? ఫైనాన్స్ ఆఫీసు ఓనరు, షోరూం ఓనరు, ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు పొద్దున లేస్తే ఒకే హోటల్లో టీ తాగుతారు. యాప్‌లో అప్లై చేసిన గంటకే ‘మీవాడు మా కాడికొచ్చాడే’ అని ఫోన్ పోయిద్ది. అందుకని ఇంటర్వ్యూకి పోయినప్పుడు మొదటి మాటే చెప్పండి: ‘ఆఫర్ ఖాయం అయ్యేదాకా మా ఓనరుకు ఫోన్ చేయొద్దండీ.’ రిఫరెన్స్ కింద పాత చోటు వాళ్ల పేర్లే ఇయ్యండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకునే చోట్ల ఇంకో తిప్పలు. ఇంటర్వ్యూకి అవి కావాలంటే ఓనర్నే అడగాల, అడిగితే గుట్టు రట్టు. మీ బోర్డు, యూనివర్సిటీ డిజీలాకర్‌లో పెట్టిన మెమోలు ఐటీ నిబంధనల ప్రకారం ఒరిజినల్స్‌తో సమానం. అయ్యి ముందే ఫోన్‌లో దించుకోండి.

మానేస్తే ఆఖరి నెల జీతం ఎగ్గొడతారనే భయం కూడా ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినా తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాల. ఈ ముక్క గుర్తుపెట్టుకుని అడగండి. అయితే బాండు మీద సంతకం పెట్టినోళ్లు దాన్ని ఒకసారి తీసి చదవండి. 3 ఏళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. బాండ్లన్నీ ఉత్త బెదిరింపులే అనుకోటానికి లేదు.

గుట్టు ఓనరు కాడే గానీ ఇంట్లో కాదు. ఎవరికీ చెప్పకుండా వెతికేవాళ్లే ‘రిజిస్ట్రేషన్ ఫీజు కట్టు’ అనే దొంగ కన్సల్టెన్సీలకు తేలిగ్గా దొరుకుతారు. అమ్మకో అన్నకో చెప్పండి. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక మాత్రం ఇంకొకరి నోటెంట పోకముందే ఓనరుకు మీరే చెప్పండి. నోటీసు పూర్తి చేసి, రిలీవింగ్ లెటర్ తీసుకుని కదలండి. పాత చోట పీఎఫ్ ఆగిన తేదీ, కొత్త చోట మొదలైన తేదీ ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చూసుకోండి. రెండు చోట్ల పనిచేశాడన్న మాట మన మీదికి రాకూడదు.

వెతుక్కున్నందుకు కక్ష కట్టకూడదని ఓనర్లకు గట్టిగా చెప్పే చట్టం వచ్చిన రోజు అందరికీ చెప్పే వెతుక్కుందాం. అప్పటిదాకా నోరు కట్టుకోటం మోసం కాదు, జాగ్రత్త.