కల్పనలోనూ పీడనం లెక్క తప్పకూడదు

జూల్ వెర్న్ నవల 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ద సీ'లో తిమింగలాల వేటగాడు నెడ్ లాండ్‌కు ప్రొఫెసర్ ఆరొనాక్స్ చిన్న పాఠం చెబుతాడు. ముప్పై రెండు అడుగుల నీటి బరువు ఒక అట్మాస్ఫియర్‌తో సమానమంటాడు. ఓడ మీద ఊరికే నిలబడ్డా అతని ఒంటిని గాలి 17 వేల కిలోలకు పైగా బరువుతో నొక్కుతోందని లెక్కగట్టి చూపిస్తాడు. నెడ్ నివ్వెరపోతాడు.

అదే నవలలో కెప్టెన్ నెమో తన జలాంతర్గామి నాటిలస్‌ను 16,000 మీటర్ల లోతుకు దించుతాడు. అక్కడి పీడనం 1,600 అట్మాస్ఫియర్లని వెర్న్ రాశాడు. అంత లోతైన సముద్రం భూమి మీద లేదు. 1960 జనవరిలో జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ ట్రియస్ట్ అనే లోతు సముద్రపు నౌకలో అడుగుదాకా దిగిన మరియానా అగాధం కూడా 11 కిలోమీటర్ల లోపే. అయినా పది మీటర్లకు ఒక అట్మాస్ఫియర్ అన్న లెక్కను మాత్రం వెర్న్ వదల్లేదు. లోతు ఊహించాడు, పీడనం లెక్కగట్టాడు.

సైన్స్ ఫిక్షన్‌కు ఈ క్రమశిక్షణే ప్రాణం. కొత్త లోకం సృష్టించే రచయిత అక్కడి మనుషులకు, యంత్రాలకు ఏ పేర్లయినా పెట్టుకోవచ్చు. పీడనాన్ని మాత్రం పాఠకుడికి తెలిసిన కొలతలోనే చెప్పాలి. అప్పుడే అక్కడ ఊపిరి ఆడుతుందో లేదో, గోడ నిలుస్తుందో లేదో అతనే తేల్చుకోగలడు.

ఆండీ వియర్ 'ద మార్షియన్' చూడండి. బంగాళాదుంపల సాగు నుంచి నీటి తయారీ దాకా లెక్కలతో నడిచే నవల. కానీ కథను మొదలుపెట్టేది అంగారకుడి మీద గంటకు 175 కిలోమీటర్ల తుపాను. అక్కడి పీడనం దాదాపు 6 మిల్లీబార్లు. మనకు సముద్రమట్టం వద్ద 1,013. గాలి సాంద్రత ఇక్కడి దాంట్లో అరవయ్యో వంతు. కాబట్టి ఆ తుపాను తాకిడి మన దగ్గర గంటకు 23 కిలోమీటర్ల గాలికి మించదు. దానికి చెట్ల కొమ్మలు ఊగుతాయి గానీ, కథలోలా వ్యోమగాముల రాకెట్ ఒరగదు.

కథ కోసం తెలిసే అలా రాశానని వియర్ చెప్పాడు. ఆ నిజాయితీ మెచ్చదగ్గదే. 2015లో వచ్చిన సినిమా మరో అడుగు ముందుకెళ్లింది. అంగారకుడి మీది నివాసం గోడకు పడ్డ పెద్ద రంధ్రాన్ని హీరో ప్లాస్టిక్ షీటుతో, టేపుతో మూసేస్తాడు. లోపల భూమి మీదున్నంత పీడనం ఉంటే ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు పది టన్నుల తోపుడు పడుతుంది. ఆ షీటు ఒక్క క్షణం కూడా ఆగదు.