చప్పట్లు పరామర్శ కాదు

ఈ వారం నేను నేర్చుకున్న మాట: పరామర్శ. ఎవరింట్లోనైనా మనిషి పోతే, మనం వెళ్లి, పక్కన కూర్చుని, "ఎలా జరిగింది? మీరెలా ఉన్నారు?" అని అడగడం. అమ్మ ఫోన్‌లో పిన్నితో ఈ మాట అంటుంటే విని అర్థం అడిగాను. చెప్పింది. వెంటనే నాకు 2020 గుర్తొచ్చింది.

అమ్మ ఇంగ్లండ్‌లో ఒక కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. ఆ ఏప్రిల్‌లో అమ్మ చూసుకునే పెద్దవాళ్లలో ఆరుగురు పోయారు. ఒక పెద్దావిడ చివరి రోజు ఆమె కొడుకు టాబ్లెట్‌లో మాట్లాడాడు. ఆ టాబ్లెట్ పట్టుకున్నది అమ్మ. మర్నాడు పొద్దున్నే మళ్లీ డ్యూటీ. ఇంటికొచ్చాక చాలాసేపు బాత్‌రూమ్‌లోనే ఉండేది. ఏమైందని అడిగితే "ఏం లేదు నాన్నా, అలసిపోయాను" అనేది.

ఆ రోజుల్లో ప్రతి గురువారం రాత్రి 8 గంటలకు దేశమంతా గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టింది. మార్చి 26 నుంచి మే 28 వరకు, పది వారాలు. నేనూ గిన్నె మీద గరిటెతో కొట్టాను. అది తప్పు అనను. కానీ చప్పట్లు ఏమీ అడగవు, ఏమీ వినవు. అందరూ "హీరో" అంటుంటే, "నాకు నిద్ర పట్టడం లేదు" అని ఆ మనిషి ఎవరికి చెప్పుకుంటుంది?

హెల్ప్‌లైన్లు ఉన్నాయి కదా అంటారు కొందరు. ఉన్నాయి. కానీ ఫోన్ చేయడానికి తీరిక కావాలి. సెలవు పెడితే ఇల్లు గడవాలి. జబ్బు చేస్తే చాలామంది కేర్ వర్కర్లకు వచ్చింది చట్టం ప్రకారం ఇచ్చే సిక్ పే ఒక్కటే: అప్పుడు వారానికి 95.85 పౌండ్లు.

ఇంకో బరువు కూడా ఉంది. "వైరస్ నేనే లోపలికి తీసుకెళ్లానా?" అని అమ్మ భయపడేది. 2022 ఏప్రిల్ 27న హైకోర్టు తీర్పు వచ్చింది. లక్షణాలు లేనివాళ్ల నుంచి కూడా వైరస్ సోకవచ్చన్న ప్రమాదాన్ని పట్టించుకోకుండా ఆస్పత్రుల నుంచి రోగులను కేర్ హోమ్‌లకు పంపిన విధానం చట్టవిరుద్ధమని చెప్పింది. ఆ వార్త చూసి అమ్మ మెల్లగా అంది: "అయితే నేను కాదేమో." రెండేళ్లు ఆ ప్రశ్న మోసింది. మేం ఎవరం అడగలేదు.

నా అభిప్రాయం ఇది. కేర్ హోమ్‌లో ఒకరు పోతే, వాళ్లను చూసుకున్నవాళ్లకు జీతంతో సెలవు ఇవ్వాలి. ఒక మనిషి వచ్చి పక్కన కూర్చుని అడగాలి. నెల తర్వాత మళ్లీ అడగాలి. చుట్టాలు కాకపోయినా దుఃఖం దుఃఖమే.

మొన్న ఆదివారం నేనే అడిగాను, తెలుగులో: "అమ్మా, ఆ పెద్దావిడ ఎలా పోయారు?" అమ్మ స్టవ్ కట్టేసి కూర్చుంది. గంటసేపు మాట్లాడింది. సగం మాటలు నాకు అర్థం కాలేదు. కానీ మధ్యలో ఆపి అడగలేదు.

మీ ఇంట్లో కూడా అలాంటి పని చేసినవాళ్లు ఉంటే, మీకు వచ్చిన తెలుగులోనే అడగండి. వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు.