తరుగూ, దొంగతనమూ

నగల దుకాణం బిల్లులో "తరుగు" అని ఒక పద్దు వుంటుంది. బంగారం బరువు మీద నూటికింత అని లెక్కకట్టి వసూలు చేస్తారు. ఆకురాతి కింద రాలిన పొడి గాలికి పోదనీ, దాన్ని ఊడ్చి కరిగించి మళ్ళీ బంగారమే తీస్తారనీ కొనేవాడికి తెలుసు. అయినా దుకాణదారుణ్ణి దొంగ అన్నవాడు లేడు. అక్షయ తృతీయ నాడు మళ్ళీ అక్కడే వరుసలో నిలబడతారు.

అదే పెద్దమనిషి, ఇంట్లో పాత వైరింగు విప్పిన ఎలక్ట్రీషియను సంచిలో మూరెడు రాగితీగ కనిపిస్తే నీతిశాస్త్రం వల్లిస్తాడు! బన్సీలాల్‌పేట పక్కనే వున్న భోయిగూడ తుక్కు దుకాణంలో ఆ తీగముక్కకీ, పాత ఇత్తడి కుళాయికీ వచ్చేది ఆ పూట కూరగాయల డబ్బు.

"సొత్తు యజమానిది గదా" అంటారు. కొత్త తీగచుట్ట లోంచి కోసి దాచేవాణ్ణి నేను వెనకేసుకు రావటం లేదు. కాని తాను వంగి ఏరుకోని ముక్క మీద, ఇంకొకడు వంగగానే యాజమాన్యం మేలుకోవటం కొత్త కాదు. అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవటం దొంగతనమని రైన్ ప్రాంతపు శాసనసభ తీర్మానించబోతే, 1842లో యువకుడైన మార్క్స్ దాని మీదనే కలం పట్టాడు. ఇంగ్లండు నౌకానిర్మాణశాలల్లో వడ్రంగులు చెక్కపేళ్ళు ఇంటికి పట్టుకుపోయే ఆచారాన్ని 1801లో ఎత్తివేసినప్పుడు, బదులుగా డబ్బు ఇవ్వవలసి వచ్చింది. ఆ పేళ్ళు కూలిలో భాగమేనని ప్రభువులే ఒప్పుకున్నట్టు గదా! మన చేలల్లో పరిగె ఏరుకునేవాళ్ళనూ ఊరు దొంగలనలేదు. (దొరల గడీల సంగతి వేరు.)

అయితే దీన్ని కార్మికుడి గడుసుతనమని మురిసి కథలల్లే మిత్రులతోనూ నాకు పేచీ వుంది. "పైన తుక్కు మిగులుతుందిలే" అని రోజుకూలి తెగ్గోసే కంట్రాక్టరు ఆ రాగిని ముందే లెక్క వేసుకున్నాడు. ఇక దొంగసొత్తు అన్న అనుమానం నెత్తిన వున్నవాడు త్రాసు దగ్గర బేరమాడగలడా? చెప్పిన ధరకు ఇచ్చి తలవంచుకు పోతాడు. మీ నీతి చివరకు తుక్కు వ్యాపారికి లాభసాటి అయింది.

ఆ తుక్కును ఏరి, విడదీసి, మూటలు కట్టేదెవరు? 2022 మార్చి 23 తెల్లవారుజామున భోయిగూడ తుక్కు గోదాము అంటుకుంది. కింద సరుకు, పైన నిద్రపోతున్న పన్నెండుమంది బీహారు కూలీలు. ఒక్కడు దూకి బతికాడు, పదకొండుమంది చనిపోయారు. రాష్ట్రం తలా 5 లక్షలు, కేంద్రం 2 లక్షలు ప్రకటించాయి. ఆ డిసెంబరులోనే బన్సీలాల్‌పేట మెట్లబావిని బాగుచేసి వేడుకగా తెరిచారు. మంచిదే. బావిలోంచి తీసిన చెత్తకు టన్నుల లెక్క వుంది. గోదాముల్లో పడుకునే మనుషుల లెక్క ఎవరడిగారు?

పని ఒప్పుకునేటప్పుడే పాత సామాను ఎవరిదో రాసుకోవాలి. యజమాని వుంచుకుంటే, తూకం వేసి దాని విలువ కూలిలో కలపాలి. ఈ షరతు ఒక్కొక్క ఎలక్ట్రీషియను ఒక్కొక్క గడప దగ్గర పెట్టలేడు. సంఘం పెట్టాలి. మన అధ్యాపకులు ఇళ్ళు కట్టుకుంటున్నారు. మొదటి కాగితం మీద వాళ్ళే సంతకం చేయవచ్చు.