గేమింగ్ రీక్యాప్ షేర్ చేసే ముందు ఒక్కసారి చేత్తో చేసి చూడండి

డిసెంబరు వచ్చిందంటే చాలు, స్టోరీలన్నీ గేమింగ్ రీక్యాప్‌లతో నిండిపోతాయి. ఎన్ని గంటలు ఆడాం, ఎన్ని ట్రోఫీలు కొట్టాం అంటూ పెద్ద పెద్ద అంకెలు. నేనూ పెట్టేవాడిని. పోయినేడాది మాత్రం నా డేటాతో పన్నెండు కార్డులు చేత్తో చేశాను. అప్పటి నుంచి ఆ రీక్యాప్‌ల మీద నమ్మకం పోయింది. అందులో మన గంటలుంటాయి గానీ మన ఏడాది ఉండదు.

ఐడియా నింటెండో దగ్గర దొరికింది. 1889లో క్యోటోలో ఆ కంపెనీ మొదలైంది హనఫుడా అనే పేకముక్కలతో. 12 నెలలు, నెలకి నాలుగు చొప్పున 48 కార్డులు. సంప్రదాయ ముక్కల మీద అంకెలుండవు, బొమ్మని బట్టే నెల తెలియాలి. మార్చికి చెర్రీ పూలు, ఆగస్టుకి గడ్డి పెరిగిన కొండ మీద చందమామ, అక్టోబరుకి మేపుల్ ఆకులు, జింక.

ఇక డేటా. స్టీమ్ వెబ్ ఏపీఐ ఒక్కో గేమ్ మొత్తం ఎంతసేపు ఆడామో నిమిషాల్లో ఇస్తుంది, నెలవారీగా ఇవ్వదు. అందుకే ప్రతి నెలా ఒకటో తారీఖున నడిచేలా చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసుకున్నా. కొత్త లెక్కలోంచి పాతది తీసేస్తే ఆ నెల గంటలొస్తాయి. అక్కడితో కోడింగ్ అయిపోయింది. మిగతాదంతా రంగు కాగితాలు, కట్టర్, జిగురు. రూల్ ఒక్కటే: గంటకి ఒక ఆకు లేదా ఒక పూరేకు.

ఆగస్టు దగ్గర ఆగిపోయాను. 112 గంటలు. రీక్యాప్ ప్రకారం ఏడాదిలో అదే నా టాప్ నెల. అంటే 112 గడ్డిపోచలు కోయాలి. అరవై దాటేసరికి వేళ్లు నొప్పెట్టాయి. అన్నీ అతికించేసరికి చందమామ సగం మునిగిపోయింది. ఆ నెలంతా నేను ఆఫీసులో బెంచ్ మీద ఉన్నాను. ప్రాజెక్టు లేదు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు, ఇంట్లో చెప్పలేదు. ఎల్డెన్ రింగ్‌లో ఒకే బాస్‌తో తెల్లారేదాకా కొట్టుకున్నది సరదా కోసమే అనుకున్నా. కాదు, పడుకుంటే భయమేసేది.

అక్టోబరులో తొమ్మిదే గంటలు. ఎమ్మెస్‌కి వెళ్లిన ఫ్రెండ్‌తో ఆదివారాలు ఇట్ టేక్స్ టూ ఆడాం. ఒక్కడే ఆడే గేమ్ కాదది, ఇద్దరుండాల్సిందే. తొమ్మిది ఎర్రాకులు, ఒకటికి బదులు రెండు జింకలు, మిగతాదంతా ఖాళీ. రీక్యాప్‌లో అట్టడుగున ఉన్న నెల. నేను ఫ్రేమ్ కట్టించింది దాన్నే.

"ఏఐకి చెప్తే పది సెకన్లలో ఇస్తుంది కదా బ్రో" అంటారు. అదీ చూశాను. హొకుసాయ్ అల, ఎర్ర సూర్యుడు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. అందులో నా ఆగస్టు ఎక్కడుంది? రెండు జపాన్ బొమ్మలు అతికిస్తే పోస్టర్ అవుతుందేమో. హనఫుడాలో నాకు పనికొచ్చింది దాని పద్ధతి. అంకె పక్కకి తప్పుకుంటే ఆ నెల ఎలా గడిచిందో గుర్తొస్తుంది. టైమ్ వేస్ట్ అంటారా? 112 గంటలు ఆడినవాడికి ఒక సాయంత్రం కాగితాలు కోస్తే వేస్టా?

డిసెంబరు దాకా ఆగక్కర్లేదు. గత రెండు వారాల గంటలు మీ స్టీమ్ ప్రొఫైల్‌లోనే ఉంటాయి. వాటితో ఒక్క కార్డు చేయండి. షేర్ చేయాలా వద్దా అన్నది తర్వాత చూద్దురు గానీ. నా ఆగస్టు కార్డు ఫొటో ఇప్పటికీ ఎక్కడా పెట్టలేదు. బీరువా తలుపు లోపలి వైపు అంటించుకున్నా.