ఇంటి విద్యలు: రంగును పలుచన చేయు నేర్పు



దోసెల పిండిని జారుగా కలుపుట, మజ్జిగను పలుచన చేయుట, బియ్యపు పిండిని నీట కలిపి వ్రేళ్ల సందుల నుండి సన్నగా విడిచి ముగ్గు దిద్దుట మనకు బాల్యము నుండి అలవడిన విద్యలే. ఆషాఢమాసమున గౌలిపురలో బోనపు కుండకు సున్నము పూయు తల్లులెల్లరును ఎఱిగినదే: సున్నము చిక్కనైనచో ఆఱిన పిదప పెచ్చులుగా రాలును, మిక్కిలి పలుచనైనచో కుండ రంగు పైకి కానవచ్చును. ఈ మాసము మేము చెప్పబోవు విషయమును ఆ తెలివికి సంబంధించినదే.

ఇప్పుడు మన పిల్లలు కొందఱు విమానములు, ఓడలు, మోటారు బండ్లు మొదలగు వాని ప్లాస్టిక్ నమూనాలను తెచ్చి, ముక్కలను అతికి, ఎయిర్‌బ్రష్ అను గాలికుంచెతో రంగులు వేయ నుత్సహించుచున్నారు. వాసన యనియు, మరకలనియు పెద్దలు దీనిని మాన్పింప జూతురు. ఆ భయము నిష్కారణమైనది కాదు. అయినను మాన్పించుట కంటె తాము తెలిసికొని నేర్పుట మేలని మా అభిప్రాయము. ఏలయన, ఈ వేడుకలో కీడు కలుగునది చాలవఱకు రంగును దేనితో, ఎంత, ఎచ్చట పలుచన చేసిరను దానివలననే.

బొమ్మలకు రంగు వేయుట మనకు పరాయి విద్య కాదు. కొండపల్లి శిల్పులు తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అవయవములను అతికి, సున్నపు పూత పూసి, దానిపై కుంచెతో రంగులు దిద్దుదురు. అచ్చట కుంచె చాలును. నమూనా సంగతి వేఱు. అసలు వస్తువులో 72వ వంతుగా చేసిన విమానమున, ఐదున్నర అడుగుల మనుష్యుడు అంగుళము కంటె తక్కువ యెత్తుండును. దానిపై మిల్లీమీటరులో పదియవ వంతు మందమున రంగు పడినను, అసలు విమానముపై ఏడు మిల్లీమీటర్ల పూత పూసినట్లగును. రెక్కల మీది సన్నని గీతలన్నియు పూడిపోవును. కావుననే తుంపరగా చల్లు సాధనము కావలసి వచ్చినది. అమెరికాలో ఫ్రాన్సిస్ ఎడ్గార్ స్టాన్లీ యనువాడు 1876లో రంగును గాలితో తుంపర చేయు సాధనమునకు పేటెంటు పొందెను. అతడే తరువాత తన సోదరునితో కూడి ఆవిరి మోటారు బండ్లను నిర్మించి ప్రసిద్ధుడయ్యెను.

గాలికుంచె మొనయందు సన్నని రంధ్రము, దానిలో సూది యుండును. నేర్చుకొనువారికి 0.3 లేక 0.4 మిల్లీమీటర్ల రంధ్రము తగియుండును. గాలి వేగముగా మొనను దాటునపుడు రంగును లాగి తుంపరగా చీల్చును. రంగు చిక్కనైనచో రంధ్రము మూసికొనును, లేదా చినుకులు చినుకులుగా పడి నమూనా యిసుక చల్లినట్లు గఱుకగును. మిక్కిలి పలుచనైనచో సాలెపురుగు కాళ్లవలె నలుదెసల ప్రాకి, కారిపోవును.

మఱి కొలత యెట్లు తెలియును? ఈ విద్య నెఱిగినవారు చెప్పు గుర్తు పాలు. గౌలి యనగా పాలవాడు గదా. గౌలిపుర గృహిణులకు పాల చిక్కదనమును గూర్చి యొకరు చెప్పవలయునా? మీగడ తీసిన పాలవలె రంగు జాఱవలెను. చిన్న గిన్నెలో కలిపి, పుల్లతో కొంత రంగును గిన్నె గోడకు పూసి చూడుడు. అది తిన్నగా క్రిందికి జాఱి, గోడపై పలుచని పొరను నిలుపవలెను. కదలక నిలిచినచో చిక్కన. పొర యేమియు మిగులక నీరువలె దిగినచో పలుచన.

దేనితో పలుచన చేయవలె ననునది అంతకంటె ముఖ్యము. రంగులు ముఖ్యముగా మూడు తెగలు. నీటితో కలియు యాక్రిలిక్ రంగులు మొదటివి. స్పెయిన్ దేశపు వలేహో రంగులు ఈ తెగవి. వీనికి ఆ తయారీదారుల ద్రవమునే వాడుట మేలు. వీనిలో కొన్ని ముందే పలుచన చేసి సీసాలలో పోసి యమ్ముదురు. జపాను దేశపు తామియా యాక్రిలిక్ రంగులకు వారి ద్రవము గాని, ఐసోప్రొపైల్ ఆల్కహాలు గాని సరిపడును. ఆ ఆల్కహాలునే వలేహో రంగులో పోసినచో, నిమ్మరసము పడిన పాలవలె విరిగి జిగురు ముద్దయగును. పేరొక్కటే యైనను తత్త్వ మొక్కటి కాదని దీనివలన గ్రహింపవలెను. రెండవ తెగ ఎనామెలు రంగులు. ఇంగ్లండు దేశపు హంబ్రోల్ వారివి ప్రసిద్ధములు. వీనికి మినరల్ టర్పెంటైను వలయును. మూడవది లాకరు, దాని థిన్నరు ఘాటైనది. నేర్చుకొను పిల్లలకు మొదటి తెగయే తగినదని మా సలహా.

పది చుక్కల రంగునకు పది చుక్కల ద్రవము చొప్పున మొదలిడి, పైని చెప్పిన పాల గుర్తునుబట్టి చుక్క చుక్కగా సరిచేయవలెను. ముందే పలుచన చేసి యమ్ము రంగులకు ఈ లెక్క వర్తింపదు. సీసాను బాగుగా కదిలించిన పిదపనే రంగు తీయవలెను. వట్టి నీరు మితిమీరినచో రంగు ప్లాస్టిక్‌ను పట్టక, చేమాకుపై నీటిబొట్టువలె ముడుచుకొనును. నమూనా ముక్కలను ముందే సబ్బునీట కడిగి యార్చుట దీనికి కొంత విరుగుడు. గాలి యొత్తిడి 15 మొదలు 20 పౌనుల వఱకు చాలును. ముందు పనికిరాని ప్లాస్టిక్ చెంచాపై చల్లి చూచి, పిదప నమూనాకు రెండు మూడంగుళముల దూరమున పలుచని పూతలు వేయవలెను. ఒక్క పూతతో కప్పజూచుటయే కారిపోవుటకు కారణము. మన హైదరాబాదు ఎండకాలమున రంగు సూది మొననే యెండిపోవును; అపుడు ఆఱుటను మందగింపజేయు ద్రవము ఒకటి రెండు చుక్కలు కలుపుట, మొనను తడి దూదితో తుడుచుచుండుట వలయును. వానకాలపు తేమలో లాకరు తెల్లబాఱును. అట్టి దినమున పని మానుట మేలు.

ఇక తల్లులు తప్పక గమనింపవలసిన మాట. పాతబస్తీ యిండ్లలో గదులు చిన్నవి, సందులు ఇఱుకు. టర్పెంటైను, ఆల్కహాలు, లాకరు థిన్నరు మండునవి. వాని ఆవిరి సయితము అంటుకొనును. వంటయింట గాని, దీపము, అగరువత్తి, దోమలచుట్ట వెలుగు గదిలో గాని ఈ పని చేయనీయరాదు. కిటికీ తెఱచి, గాలిని వెలుపలికి త్రోయు పంకా నుంచవలెను. ముక్కునకు కట్టిన గుడ్డ ఆవిరిని ఆపజాలదు. బొగ్గు వడపోతగల ముసుగు వలయును. నీటిరంగైనను తుంపరను పీల్చరాదు. గర్భిణులు, పసిబిడ్డలు ఆ గదిలో నుండరాదు.

అన్నిటికంటె ముఖ్యముగా, థిన్నరును మంచినీళ్ల సీసాలో పోసి యుంచరాదు. నీటివలె కనబడు దానిని దాహముతో వచ్చిన బిడ్డ త్రాగవచ్చును. అట్లు జరిగినచో వాంతి చేయింపరాదు; వాంతిలో అది ఊపిరితిత్తులలోనికి పోయి మఱింత కీడు చేయును. సీసాను వెంట తీసికొని వెంటనే ఆస్పత్రికి పోవలెను. థిన్నరు నుంచు పెట్టెకు తాళము వేసి, తాళపుచెవి పెద్దలయొద్దనే యుంచవలెను.

ఈ నియమములు తెలిసిన తల్లి బిడ్డ చేతిలోని గాలికుంచెను చూచి వెఱవనక్కఱలేదు. మొదటి దినము ప్రక్కన కూర్చుండి రంగు చిక్కదనమును చూచి చెప్పుడు. పాలు, పిండి, సున్నములతో మీరు నేర్చిన కొలత యంత్రముల వేడుకకు సయితము పనికివచ్చునని బిడ్డ గ్రహించినచో, మీ మాటయందు వానికి గౌరవము పెరుగును. చేతిపనియందు ఓర్పును అలవడును.