వారంటీ తీరిన కారు, తీరని బాధ్యత

గోదావరి జిల్లాల్లో సెకండ్ హ్యాండ్ కారు ఈనాడు సంపన్నుల ముచ్చట కాదు. కోనసీమ పల్లెల నుండి గల్ఫ్ ప్రయాణికులను శంషాబాద్ విమానాశ్రయానికి చేరవేసేవారు, రోగులను రాజమహేంద్రవరం ఆసుపత్రులకు తీసుకువెళ్ళేవారు, పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పేవారు అనేకులు పాత కారు మీదనే కుటుంబాన్ని పోషిస్తున్నారు. కువైట్‌లోనో, దుబాయిలోనో ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము ఆ నాలుగు చక్రాల మీద ఉంటుంది. ఆ కారు నెల రోజులు షెడ్డులో నిలిచిపోతే పిల్లల స్కూలు ఫీజు కూడా నిలిచిపోతుంది.

అటువంటి ఒక యువకుడు ఇటీవల నా వద్దకు వచ్చాడు. తొమ్మిదేళ్ల పాత డీజిల్ కారును ఒక డీలరు వద్ద 3,80,000 రూపాయలకు కొన్నాడు. ఇంజినుకు, గేర్‌బాక్సుకు ఆరు నెలల వారంటీ అని కాగితం ఇచ్చారు. ఏడవ నెలలో గేర్‌బాక్సు మూలగడం మొదలుపెట్టింది. విప్పించి చూడగా, అది ఇదివరకే ఒకసారి విప్పి బిగించినదని తేలింది. అరిగిన బేరింగుల శబ్దం బయటికి రాకుండా, ఉండవలసిన దానికంటే చిక్కని నూనె పోసి ఉన్నది. కొన్న తరువాత అతడు ఆ నూనెను మార్పించనే లేదు. మరమ్మతుకు 90,000 అంచనా వేశారు. డీలరు గడువు తీరిపోయిందని ఒక్క మాటతో పంపివేశాడు. “హజ్రత్, కాగితం మీద నేనే సంతకం పెట్టాను కదా, ఇక నాకు అడిగే హక్కు ఉందా?” అన్నది అతని ప్రశ్న.

ఉన్నది. ఇక్కడ రెండు విషయాలు కలగలిసిపోతున్నాయి. వారంటీ అనేది అమ్మిన తరువాత పుట్టబోయే లోపాలకు అమ్మకందారుడు తనంత తానుగా ఇచ్చే హామీ. దానికి గడువు ఉండవచ్చు, కిలోమీటర్ల పరిమితి ఉండవచ్చు, క్లచ్, బ్యాటరీ, ఏసీ, సస్పెన్షన్ వర్తించవన్న షరతులూ ఉండవచ్చు. అమ్మేనాటికే వస్తువులో దాగి ఉన్న లోపం సంగతి వేరు. వస్తువు లోపరహితంగా ఉండాలన్నది ప్రతి అమ్మకంలోనూ మాటల్లో చెప్పకపోయినా ఇమిడి ఉన్న షరతు. అది నెరవేరకపోతే కొనుగోలుదారునికి లభించే హక్కును ఫిఖహ్‌లో ‘ఖియారె ఐబ్’ అంటారు. ఆరు నెలల కాగితం ఈ హక్కును రద్దు చేయదు.

అయితే ఏది లోపం? ఆ వ్యాపారం తెలిసినవారి దృష్టిలో ధరను తగ్గించేదే లోపమని హనఫీ ధర్మవేత్తలు నిర్వచించారు. తొమ్మిదేళ్ల కారులో క్లచ్ ప్లేట్లు అరగడం, రబ్బరు బుష్‌లు పోవడం, అంతర్వేది, ఉప్పాడ వైపు తిరిగిన బండికి ఉప్పుగాలికి అడుగున తుప్పు పట్టడం సహజం. కొనేవాడు వీటిని ఊహించే బేరమాడతాడు. కొన్న తరువాత అరిగినదానికి డీలరును నిందించడం కూడా అన్యాయమే. చిక్కని నూనెతో నోరు మూసిన గేర్‌బాక్సు ఈ కోవలోకి రాదు.

అరేబియా సంతల్లోనూ ఇటువంటి ఎత్తుగడ ఉండేది. అమ్మబోయే పశువును కొన్ని పూటలు పితకకుండా వదిలేసి, నిండిన పొదుగు చూపించి అధిక ధర రాబట్టేవారు. దైవప్రవక్త (సల్లం) దీనిని నిషేధించి, మోసపోయిన కొనుగోలుదారునికి పశువును తిప్పి ఇచ్చే అవకాశం కల్పించారు. ఈ హదీసును అమలు చేసే పద్ధతిలో ఇమాముల మధ్య భేదాభిప్రాయం ఉన్నది. అది మోసమన్న విషయంలో లేదు.

“నాకు కూడా తెలియదు, నేనూ ఒక బ్రోకరు దగ్గర కొన్నాను” అని ఆ డీలరు తరువాత అన్నాడట. నిజమే కావచ్చు. తెలియకపోతే పాపం లేదు గాని, లోపం అమ్మకానికి ముందటిదే అయితే కొనుగోలుదారుని హక్కు మాత్రం అలాగే ఉంటుంది. మరి ‘ఏ లోపానికీ మాది పూచీ కాదు, ఉన్నదున్నట్లు కొన్నాను’ అని ముందే వ్రాయించుకుంటే? హనఫీ ఫిఖహ్ ప్రకారం అటువంటి షరతు చెల్లుతుంది. సంతకం పెట్టే ముందు ఆ ఒక్క వాక్యం ఉన్నదేమో వెదకండి. మన యువకుని కాగితంలో అది లేదు.

ఈ షరతు విషయంలో ఇమామ్ మాలిక్ గారి ‘మువత్తా’లో ఒక వ్యాజ్యం ఉన్నది. బానిసల క్రయవిక్రయాలు సాగిన ఆ కాలంలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) లోపాలకు పూచీ లేదన్న షరతుతో ఒక బానిసను 800 దిర్హములకు అమ్మారు. అతనికి జబ్బు ఉన్నదని, అది తనకు చెప్పలేదని కొన్నవాడు ఫిర్యాదు చేశాడు. వ్యాజ్యం ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందుకు వచ్చింది. అమ్మేనాటికి ఆ జబ్బు సంగతి తనకు తెలియదని ప్రమాణం చేయవలసిందిగా ఆయన ఇబ్ను ఉమర్ (రజి)ను ఆదేశించారు. ఇబ్ను ఉమర్ (రజి) ప్రమాణం చేయడానికి నిరాకరించి, బానిసను వెనక్కి తీసుకున్నారు. తరువాత అతడు కోలుకోగా 1,500 దిర్హములకు అమ్మారు. చేతిలో షరతు ఉండి కూడా ఖలీఫా అడిగినది ఒక్కటే: నీకు తెలుసా, తెలియదా?

ఇక హక్కు ఉన్నవాడు దానిని పోగొట్టుకోకుండా చూసుకోవాలి. మదరసాలో ‘హిదాయా’ బోధించేటప్పుడు ఈ అధ్యాయంలోని స్వారీ పశువుల ఉదాహరణలకు విద్యార్థులు ఆవులిస్తారు. పశువు స్థానంలో కారును పెట్టి చెబితే నిటారుగా కూర్చుంటారు. లోపం కనిపించిన తరువాత కూడా సొంత పనికి దానిపై స్వారీ చేస్తే, లోపానికి సమ్మతించినట్లే. అమ్మినవానికి తిప్పి ఇవ్వడానికో, నీరు పట్టించడానికో ఎక్కితే మాత్రం సమ్మతి కాదు. అంటే మూలుగు మొదలైన కారును డీలరు వద్దకు నడుపుకుంటూ వెళ్ళవచ్చు. అదే కారులో తణుకు పెళ్ళికి కిరాయి కొట్టివస్తే మీ వాదన బలహీనపడుతుంది. కనిపించిన రోజే బండి ఆపి, లోపాన్ని వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. తీసిన పాత బేరింగులను ఇనుప సామాన్లకు వేయవద్దు. ఫొటోలు, మెకానిక్ వ్రాసి ఇచ్చిన వివరం, కంపెనీ సర్వీసు కేంద్రంలోని పాత రికార్డు భద్రపరచాలి.

కొన్నవాని వద్ద కారుకు మరో కొత్త లోపం ఏర్పడితే, అమ్మినవాడు ఒప్పుకుంటే తప్ప తిప్పి ఇచ్చే హక్కు ఉండదు. అప్పుడు తగ్గిన విలువను రాబట్టుకోవచ్చు. ఆ విలువ, మరమ్మతు బిల్లు ఒకటి కావు. లోపం లేని కారు ధర 4,00,000, ఆ లోపంతో 3,40,000 అని తెలిసినవారు నిర్ణయించారనుకుందాం. తేడా 15 శాతం. చెల్లించిన 3,80,000లో 15 శాతం 57,000 అవుతుంది. 90,000 అడగడం సబబు కాదు, ఎందుకంటే కొత్త భాగాలు వేయించుకుంటే పాత కారు మునుపటికంటే మెరుగవుతుంది. యువకునికి ఈ లెక్క రుచించలేదు. (ఇది అవగాహనకే, తగాదా ముదిరితే ముఫ్తీగారిని సంప్రదించాలి.)

కొనేముందు పరీక్షించే మెకానిక్ గురించి ఒక మాట. రెండు వైపులా కమీషన్ తీసుకునేవాడు మీ మనిషి కాడు. హజ్రత్ వాసిలా బిన్ అస్కఅ్ (రజి) ఎదుట ఒకరు ఒంటెను కొన్నారు. మాంసానికా, ప్రయాణానికా అని ఆయన ఆరా తీశారు. ప్రయాణానికేనని తెలియగానే, దాని పాదంలో రంధ్రం ఉన్నదని, వరుసగా నడవలేదని చెప్పేశారు. బేరం చెడగొట్టావని అమ్మినవాడు నొచ్చుకున్నా ఆయన వెనుకాడలేదు. మీరు కూడా మెకానిక్‌కు కారును ఎందుకు వాడబోతున్నారో ముందే చెప్పండి. ఊళ్ళో తిరగడానికి పనికివచ్చే గేర్‌బాక్సు హైదరాబాదు రాకపోకలకు ఆగకపోవచ్చు.

మన ప్రాంతంలో వరద నీరు మరో చిక్కు. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాల్లో వేలాది వాహనాలు మునిగాయి. మునిగిన కారును కడిగి, సీట్లు మార్పించి నిలబెడితే కంటికి తెలియదు. వైర్లలో, కంప్యూటర్ పెట్టెలో తుప్పు నెలల తరువాత పైకి వస్తుంది, సరిగ్గా వారంటీ తీరాక. సీటు బెల్టును చివరి వరకు లాగి బురద చార ఉన్నదేమో, స్టెప్నీ కింద ఒండ్రు ఉన్నదేమో చూడాలి. నంబరును బట్టి ఊరు పోల్చే కాలం పోయింది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస వచ్చింది కనుక అది ఏ జిల్లా బండో చెప్పదు. పాత ఇన్సూరెన్సు పాలసీ అడగండి. ఒకే యజమాని చాలా ఏళ్లు వాడిన కారుకు ‘నో క్లెయిమ్ బోనస్’ సున్నా ఉంటే, ఎందుకని ప్రశ్నించాలి.

దేశ చట్టం కూడా అండగా ఉన్నది. 2023 ఏప్రిల్ 1 నుండి పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుండి అధికార పత్రం పొందాలన్న నిబంధన అమలులోకి వచ్చింది, దానిని చూపించమనండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వివాదానికి కారణం తలెత్తిన రెండేళ్లలోగా మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర అయిదు లక్షల లోపు అయితే రుసుము లేదు. స్వయం ఉపాధి కోసం తానే నడుపుకొనేవాడు కూడా వినియోగదారుడే. అయితే సొంత కారును అమ్ముకున్న పొరుగువాని మీద ఈ చట్టం పనిచేయదు.

రేపు ఆ యువకుడే ఈ కారును మరొకరికి అమ్మవలసి రావచ్చు. గేర్‌బాక్సు ఎప్పుడు విప్పించాడో, ఏయే భాగాలు వేయించాడో, ఇంకా ఏవి మిగిలి ఉన్నాయో ఒక కాగితం మీద వ్రాసి, కొనేవానికి బేరానికి ముందే ఇవ్వమని చెప్పాను. ధర తగ్గుతుంది కదా హజ్రత్ అన్నాడు. తగ్గుతుంది అన్నాను.